రెండు డ్రైవ్‌లు, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఆన్ చేయగానే ఏది రావాలో తేల్చుకోవడం ఎలా

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి అర్హత లేని సిస్టమ్‌ను పారేయలేక, పాత ఎస్ఎస్‌డీ పక్కనే ఇంకొకటి బిగించి అందులో ఉబుంటూనో మింటో (రెండూ లినక్స్ రకాలే) వేసుకుందామన్న ఆలోచన చాలామందికి వచ్చింది. ఇంకొందరికి ఆఫీసు పనికి ఒక విండోస్, గేములకి ఇంకో విండోస్ కావాలి. ఎలా చూసినా ఒకే పెట్టెలో రెండు డ్రైవ్‌లు, ఒక్కోదాంట్లో ఒక్కో ఓఎస్. పవర్ బటన్ నొక్కాక ఏది లేవాలో చెప్పడం ఎలా అన్నదే ప్రశ్న.

జవాబు ఒక్క మాటలో: బూట్ మెనూ కీ నొక్కి ఎంచుకోవాలి. కానీ ఆ మెనూలో రెండు ఓఎస్‌లూ సరిగ్గా కనబడాలన్నా, ఒక డ్రైవ్ తీసేసినా రెండోది మామూలుగా లేవాలన్నా, ఇన్‌స్టాల్ చేసే రోజే ఒక జాగ్రత్త పడాలి. ఏ ఓఎస్ బూట్‌లోడర్ (దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్) దాని సొంత డ్రైవ్ మీదే ఉండాలి. ఈ గైడ్‌లో సగం దాని గురించే.

ఉదాహరణగా మొదటి డ్రైవ్‌లో విండోస్ 11, రెండో డ్రైవ్‌లో ఉబుంటు 24.04 అనుకుందాం. విండోస్ 10 అయినా, మింట్, ఫెడోరా అయినా పద్ధతి దాదాపు ఇదే. ఇక్కడ కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి.

పవర్ నొక్కిన తర్వాత లోపల జరిగేది

గత పది పన్నెండేళ్లలో వచ్చిన సిస్టమ్‌లు దాదాపు అన్నీ యూఈఎఫ్ఐవే. ఓఎస్ లేవకముందే మదర్‌బోర్డు నడిపే చిన్న ప్రోగ్రామ్ అది. అలవాటు కొద్దీ మనం ఇప్పటికీ బయాస్ అనే అంటాం. మదర్‌బోర్డు మీద చిన్న మెమరీ చిప్ ఉంటుంది. కరెంటు పోయినా అందులోది చెరిగిపోదు. ‘విండోస్ బూట్ మేనేజర్’, ‘ఉబుంటు’ లాంటి పేర్లతో ఒక పట్టీ అందులో రాసి ఉంటుంది. ప్రతి పేరు పక్కనా ఏ డ్రైవ్‌లో, ఏ పార్టిషన్‌లో (డ్రైవ్‌లోని భాగంలో), ఏ ఫైల్‌ను నడపాలో ఉంటుంది. ఆ పట్టీలో ఎవరి తర్వాత ఎవరన్న వరసే బూట్ ఆర్డర్.

ఆ ఫైల్ ఉండే చోటు డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. పొట్టిగా ఈఎస్‌పీ అంటారు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న పార్టిషన్ ఇది. విండోస్ తనంతట తాను చేసుకుంటే మామూలుగా 100 ఎంబీ ఉంటుంది. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దానిలో మైక్రోసాఫ్ట్‌కి ఒక ఫోల్డర్, ఉబుంటుకి ఒక ఫోల్డర్. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. రెండు ఓఎస్‌ల ఫోల్డర్లూ ఒకే ఈఎస్‌పీలో ఇమిడిపోగలవు. ఇన్‌స్టాలర్లకు కూడా అదే సులువు. కాబట్టి ఓఎస్ రెండో డ్రైవ్‌లో పడినా, దాని బూట్‌లోడర్ మాత్రం మొదటి డ్రైవ్‌లో కూర్చుంటుంది. ఏడాది తర్వాత మొదటి డ్రైవ్ పాడైనా, ఎవరికైనా ఇచ్చేసినా రెండో డ్రైవ్‌లోని ఓఎస్ కూడా లేవదు. డేటా అంతా భద్రంగానే ఉంటుంది, తలుపు మాత్రం పక్కింట్లో ఉండిపోయినట్టు.

మరీ పాత సిస్టమ్‌లలో లెగసీ బయాస్, ఎంబీఆర్ (డ్రైవ్‌ను భాగాలు చేసే పాత తీరు) పద్ధతి ఉంటుంది. అక్కడ ఈ పట్టీ గొడవ లేదు. బయాస్ ఒక డ్రైవ్‌ను ఎంచుకుని దాని మొదటి సెక్టార్‌ను నడుపుతుంది, అంతే. బూట్ మెనూలో ఓఎస్ పేర్లు రావు, డ్రైవ్ మోడల్ పేర్లే వస్తాయి. ఒక డ్రైవ్ లెగసీలో, ఇంకోటి యూఈఎఫ్ఐలో ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం రోజూ తలనొప్పే. ఓఎస్ మారినప్పుడల్లా బయాస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడవనిచ్చే సెట్టింగు) ఆన్, ఆఫ్ చేయాల్సి రావచ్చు. రెండూ ఒకే పద్ధతిలో ఉంచండి, వీలైతే యూఈఎఫ్ఐలోనే.

డ్రైవ్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. ‘బయాస్ మోడ్’ అన్న లైనులో యూఈఎఫ్ఐ ఉందా, లెగసీ ఉందా చూడండి. లెగసీ అని ఉంటే లినక్స్‌నూ లెగసీలోనే వేయండి. లేదంటే ముందు విండోస్ డ్రైవ్‌ను ఎంబీఆర్ నుంచి యూఈఎఫ్ఐకి తగిన జీపీటీ పద్ధతికి మార్చుకోండి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉండొచ్చు. మీరు ఎప్పుడూ ఆన్ చేయలేదన్నది లెక్కలోకి రాదు. బయాస్‌లో బూట్ సెట్టింగులు మార్చాక విండోస్ నీలం తెర వేసి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్‌లో అకౌంట్ తెరిచి, కీ కనబడుతోందో లేదో ముందే చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. కీ దొరక్కపోతే పని అక్కడే ఆపండి. ముందు ఎన్‌క్రిప్షన్ సంగతి తేల్చుకోవాలి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు’, పైన ఉన్న ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ నొక్కి, కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్కు తీసేయండి. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్‌ను (ఓఎస్ గుండెకాయను) డిస్క్‌లో దాచి నిద్రపోతుంది. ఆ స్థితిలో లినక్స్‌లోంచి విండోస్ పార్టిషన్ తెరిస్తే, అయితే తెరుచుకోదు, లేదా చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు. బలవంతంగా రాస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. ఎస్ఎస్‌డీ మీద ఫాస్ట్ స్టార్టప్ వల్ల మిగిలేది రెండు మూడు సెకన్లు. దాని కోసం ఈ రిస్కు అనవసరం.

రెండో డ్రైవ్ ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి

డెస్క్‌టాప్ అయితే చింత లేదు. సాటా ఎస్ఎస్‌డీకి మదర్‌బోర్డు నుంచి ఒక డేటా కేబుల్, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి ఒక పవర్ కనెక్టర్ చాలు. ల్యాప్‌టాప్ అయితే అడుగు మూత తీసి ఖాళీ ఎం.2 స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ దూర్చే చోటు) ఉందో లేదో చూడాలి. ఉన్నా అది ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్త రకం) తీసుకుంటుందా, పాత సాటా రకమే తీసుకుంటుందా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. కార్డుకు బంగారు పిన్నుల వైపు ఒకే గాడి ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాళ్లుంటే సాధారణంగా సాటా. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని ల్యాప్‌టాప్‌ల రెండో స్లాట్‌లో 42 మిల్లీమీటర్ల 2242 మాత్రమే పడుతుంది.

బిగించేటప్పుడు కార్డును ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో స్లాట్‌లోకి తోయండి. పిన్నులు దాదాపు కనబడనంత లోపలికి వెళ్లాలి. వేలు తీయగానే కార్డు ఆ కోణంలోనే పైకి లేచి నిలబడితే సరిగ్గా కూర్చున్నట్టు. అప్పుడు చివరను కిందికి నొక్కి చిన్న స్టార్ స్క్రూ బిగించండి. ఆ స్క్రూ డ్రైవ్‌తో రాకపోవచ్చు. మదర్‌బోర్డు డబ్బాలోని చిన్న కవర్‌లో ఉంటుంది, లేదా స్లాట్ చివర రంధ్రంలోనే బిగించి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే లోపల చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం మరవొద్దు.

డెస్క్‌టాప్‌లో ఇంకో చిక్కుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ నింపగానే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. కొత్త డ్రైవ్ పెట్టాక పాత హార్డ్‌డిస్క్ మాయమైతే అది చచ్చిందని కంగారు పడకండి. కేబుల్ ఇంకో పోర్టుకు మార్చి చూడండి. ఏ పోర్టు ఏ స్లాట్‌తో లైన్లు పంచుకుంటుందో మాన్యువల్‌లో చిన్న పట్టికగా ఉంటుంది.

ఇన్‌స్టాల్: ఒకసారికి ఒక్క డ్రైవే కనబడాలి

విండోస్ సెటప్ మొండిది. మీరు రెండో డ్రైవ్‌ను చూపించి అందులో వేయమన్నా, మొదటి డ్రైవ్‌లో అప్పటికే ఈఎస్‌పీ ఉంటే బూట్ ఫైళ్లు అక్కడే పెట్టేస్తుంది. ఎక్కడ పెట్టాలని అడగదు. లినక్స్ ఇన్‌స్టాలర్లు కొన్ని అడుగుతాయి. అడిగి, మీరు చెప్పిన చోటు వదిలేసి మొదటి డ్రైవ్‌లోనే వేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని ఇన్‌స్టాలర్ తెలివి మీద ఆధారపడకుండా, దానికి రెండో దారే లేకుండా చేయడం మేలు.

డెస్క్‌టాప్‌లో సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, విండోస్ ఉన్న సాటా డ్రైవ్ డేటా కేబుల్ ఊడదీయండి. ఎన్‌వీఎంఈ అయితే స్క్రూ తీసి కార్డు బయటికి తీయండి. అది గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కుని ఉంటే బయాస్‌లో ఆ స్లాట్‌నో, సాటా పోర్టునో డిజేబుల్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. చాలా బోర్డుల్లో సాటా పోర్టులకు ఉంటుంది, ఎం.2కి కొన్నింటిలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి పాత కార్డు పీకడమే నమ్మకమైన దారి. ఎలాగూ మూత తీసే ఉంది కదా, ఇంకో రెండు నిమిషాల పని.

ఉబుంటు పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది తీసుకోండి. దాన్ని బూట్ మెనూలో ఎంచుకునేటప్పుడు ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడొచ్చు, ఒకటి యూఈఎఫ్ఐ అన్న ముందు మాటతో, ఒకటి అది లేకుండా. యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోండి. లేనిది నొక్కితే ఇన్‌స్టాల్ లెగసీలో జరిగి, తర్వాత రెండు ఓఎస్‌లకూ పొసగదు. ఉబుంటు సెక్యూర్ బూట్‌తో (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే నడవనిచ్చే బయాస్ సెట్టింగు) మామూలుగానే పనిచేస్తుంది, ఆఫ్ చేయక్కర్లేదు.

ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకోవచ్చు. కనబడేది ఖాళీ డ్రైవ్ ఒక్కటే కాబట్టి భయం లేదు. మామూలుగా ఆ మాట చూడగానే గుండె ఝల్లుమంటుంది, రెండు డ్రైవ్‌లూ తగిలించి ఉన్నప్పుడు ఝల్లుమనాలి కూడా. ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్ డ్రైవ్ తిరిగి తగిలించకముందే ఒకసారి రీస్టార్ట్ చేసి, ఉబుంటు ఒంటరిగా లేస్తోందో లేదో చూడండి. లేస్తే ఆపి, పాత డ్రైవ్ పెట్టేయండి.

ఇన్‌స్టాలర్‌కు అసలు ఎన్‌వీఎంఈ డ్రైవే కనబడకపోతే, బయాస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ, వీఎండీ లేదా రెయిడ్‌లో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ నీలం తెర వేస్తుంది. వరస ఇది (దీనికోసం విండోస్ డ్రైవ్ మళ్లీ తగిలించి, అయ్యాక ఊడదీయండి): ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి రీస్టార్ట్ కొట్టండి, అదే రీస్టార్ట్‌లో బయాస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి, విండోస్ సేఫ్ మోడ్‌లో లేచాక టిక్కు తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త డ్రైవర్‌ను సర్దుకుంటుంది.

రోజూ ఎంచుకోవడం: బూట్ మెనూ కీ

ఇప్పుడు రెండు డ్రైవ్‌లూ ఉన్నాయి. పవర్ నొక్కి, కంపెనీ లోగో వచ్చేలోపే కీని సెకనుకు రెండుసార్ల చొప్పున టకటకా కొడుతూ ఉండండి. పట్టి ఉంచితే కొన్ని సిస్టమ్‌లు కీబోర్డు చెడిందనుకుంటాయి.

- డెల్, లెనోవో, ఏసర్ ల్యాప్‌టాప్‌లు: ఎఫ్12. ఏసర్‌లో ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ‘ఎఫ్12 బూట్ మెనూ’ను ఎనేబుల్ చేయాల్సి ఉంటుంది.
- హెచ్‌పీ: ఎఫ్9, లేదా ఎస్కేప్ కొట్టి ఆ తర్వాత ఎఫ్9.
- ఆసుస్ ల్యాప్‌టాప్: ఎస్కేప్. ఆసుస్ మదర్‌బోర్డు: ఎఫ్8.
- గిగాబైట్ మదర్‌బోర్డు: ఎఫ్12. ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్: ఎఫ్11.
- ఇంటెల్ మ్యాక్: ఆప్షన్ కీ. ఎం సిరీస్ చిప్ మ్యాక్: పవర్ బటన్‌నే స్టార్టప్ ఆప్షన్స్ వచ్చేదాకా నొక్కి పట్టడం.

లెనోవో ఐడియాప్యాడ్‌లలో కొన్నింటికి పక్కన పిన్ను పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిమ్ పిన్నుతో దాన్ని నొక్కితే బూట్ మెనూ ఆప్షన్ ఉన్న చిన్న పట్టీ వస్తుంది. ఎఫ్12 వేగం అందనివారికి ఇదే హాయి.

మెనూ వచ్చాక సాధారణంగా కనబడేది ఇలా ఉంటుంది. మొదటి లైను ‘విండోస్ బూట్ మేనేజర్’, పక్కన డ్రైవ్ మోడల్. రెండో లైను ‘ఉబుంటు’, పక్కన రెండో డ్రైవ్ మోడల్. దాని కింద కొన్నిట్లో ‘యూఈఎఫ్ఐ ఓఎస్’ అని ఇంకో లైను. ఈ మూడోది చాలాసార్లు కొత్త ఓఎస్ కాదు. ఏదో ఒక డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ ఫోల్డర్లో బూట్ అనే సబ్ ఫోల్డర్‌లో ఉండే అత్యవసర కాపీని బోర్డు తనంతట తాను చూపిస్తోంది. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే దాని పేరు కూడా చివర్లో వస్తుంది. బాణం కీలతో దిగి ఎంటర్ కొట్టడమే. ఈ ఎంపిక ఆ ఒక్కసారికే, అసలు వరస మారదు.

కీ పనిచేయకపోతే మూడు కారణాలు చూడండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ కీలు వాల్యూమ్, బ్రైట్‌నెస్‌కు కేటాయించి ఉంటే ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి. బయాస్‌లో ఫాస్ట్ బూట్ లేదా అల్ట్రా ఫాస్ట్ ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ కీబోర్డు మేల్కొనేలోపే ఓఎస్ మొదలైపోతుంది, దాన్ని ఆఫ్ చేయండి. డాంగిల్‌తో పనిచేసే వైర్‌లెస్ కీబోర్డును యూఎస్‌బీ హబ్‌లో కాక నేరుగా వెనక పోర్టులో పెట్టండి. బ్లూటూత్ కీబోర్డు మీద ఈ దశలో ఆశ పెట్టుకోవద్దు.

కీ కొట్టే పరుగు లేకుండా విండోస్ లోపలి నుంచే మారే దారి కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో ‘యూజ్ ఎ డివైస్’ అన్నది కనబడితే అందులో ఉబుంటు ఉంటుంది, నొక్కితే నేరుగా అందులోకి వెళుతుంది. ఉబుంటు నుంచి విండోస్‌కి వెళ్లాలంటే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొట్టండి. ప్రతి ఎంట్రీకి నాలుగంకెల నంబరు కనబడుతుంది. విండోస్‌ది 0001 అనుకుంటే, సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ మైనస్ ఎన్ 0001 అని కొట్టి (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని) రీస్టార్ట్ చేస్తే ఆ ఒక్కసారికి విండోస్ వస్తుంది. నంబరు మీ సిస్టమ్‌లో ఎంతుందో చూసి వేయండి.

ఏ కీ కొట్టనప్పుడు ఏది రావాలి

ఎక్కువ వాడేదాన్నే డిఫాల్ట్‌గా పెట్టండి. బయాస్‌లో బూట్ ట్యాబ్‌కు వెళ్లి, బూట్ ఆప్షన్ 1గా దాన్ని ఉంచి, ఎఫ్10తో సేవ్ చేయాలి. ఇక్కడ చిన్న మోసం ఉంటుంది. కొన్ని బోర్డుల్లో పై వరసలో ‘హార్డ్ డిస్క్’ అనే రకమే కనబడుతుంది. ఏ డ్రైవ్ ముందు అన్నది ‘డ్రైవ్ బీబీఎస్ ప్రయారిటీస్’ లాంటి ఇంకో మెనూలో దాగి ఉంటుంది. పైన మార్చాను కదా, ఎందుకు మారలేదని తల పట్టుకునేవాళ్లు చూడాల్సింది అక్కడే.

ఉబుంటులో అయితే సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ మైనస్ ఓ అని కొట్టి, నంబర్లను కామాతో వరసగా ఇస్తే చాలు.

విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత, లేదా బయాస్ అప్‌డేట్ తర్వాత ఈ వరస మళ్లీ విండోస్ ముందుకు వచ్చేయొచ్చు. ఉబుంటు పోయిందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. వరస సరిచేస్తే చాలు. డెస్క్‌టాప్‌లో ఇది తరచూ జరుగుతూ, గడియారం కూడా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కొత్తది వేయండి.

గ్రబ్ మెనూతో ఎంచుకుంటామంటే

ప్రతిసారీ ఎఫ్12 వద్దు, తెర మీద పది సెకన్లు మెనూ నిలబడితే చాలు అనుకుంటే ఉబుంటును డిఫాల్ట్ చేసి గ్రబ్‌లో (ఉబుంటు బూట్‌లోడర్ అదే) విండోస్‌ను చేర్చుకోవచ్చు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లను వెతకడం మామూలుగా ఆఫ్‌లో ఉంటోంది. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డ్రైవ్ ఊడదీశాం కాబట్టి మన సిస్టమ్‌లో అది కనబడకపోవడం మామూలే.

ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్, అందులో గ్రబ్ అనే ఫైల్‌ను సుడోతో తెరవండి. గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసి, విలువ ఫాల్స్ అని ఉంచండి. లైను లేకపోతే కొత్తగా రాయండి. గ్రబ్ టైమౌట్ స్టైల్‌కు హిడెన్ బదులు మెనూ, గ్రబ్ టైమౌట్‌కు 10 ఇవ్వండి. ఈ పేర్లన్నీ ఫైల్‌లో పెద్దక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి. సమానం గుర్తుకు అటూఇటూ ఖాళీ వదలకూడదు. సేవ్ చేసి సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. బయటికి వచ్చే లైన్లలో ‘ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్’ అని కనబడితే అయిపోయినట్టే.

మెనూ కనబడనప్పుడు లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. రెండుసార్లు పడితే నల్లతెర మీద గ్రబ్ అన్న మాటతో కర్సర్ మిగులుతుంది. భయపడకుండా నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే మళ్లీ దారిలో పడుతుంది.

బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నవారికి మాత్రం గ్రబ్ దారి మేం సూచించం. విండోస్ ఏ దారిన మొదలైందో టీపీఎం అనే భద్రతా చిప్ లెక్క పెట్టుకుంటుంది. మధ్యలో గ్రబ్ దూరితే ఆ లెక్క తప్పి రికవరీ కీ అడుగుతుంది. వారికి బూట్ మెనూ కీయే సరైనది, అక్కడ విండోస్ నేరుగా మొదలవుతుంది.

రెండూ విండోసే అయితే

ఇక్కడ కష్టం పేరుతోనే. రెండింటి పేరూ ‘విండోస్ బూట్ మేనేజర్’. పక్కన డ్రైవ్ మోడల్ చూపించే బోర్డయితే సరే. లేదంటే రెండు డ్రైవ్‌లు వేర్వేరు కంపెనీలవి, లేదా వేర్వేరు సైజులవి కొనడం మంచిది. లోపలికెళ్లాక ఏది ఏదో ఒక్క చూపులో తెలియడానికి వాల్‌పేపర్ రంగు మార్చుకోండి.

పాత డ్రైవ్‌ను క్లోన్ చేసి రెండూ ఒకేసారి తగిలిస్తే రెండింటి గుర్తింపు సంఖ్యలూ ఒకటే అవుతాయి. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. క్లోన్ పూర్తయ్యాక మొదటిసారి పాతది ఊడదీసే లేపండి.

ఇప్పటికే తప్పు జరిగిపోయి, రెండో డ్రైవ్ విండోస్ బూట్ ఫైళ్లు మొదటి డ్రైవ్‌లో ఉంటే సరిచేయొచ్చు. రెండో డ్రైవ్ విండోస్‌లోకి వెళ్లి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను 300 ఎంబీ ష్రింక్ చేయండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి సరైన డిస్క్‌ను సెలెక్ట్ చేయండి. ఇక్కడ ఒక్క అంకె తప్పితే మొదటి డ్రైవ్‌కు పని పడుతుంది, రెండుసార్లు చూడండి. తర్వాత వరసగా: క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=300, ఫార్మాట్ ఎఫ్ఎస్=ఫ్యాట్32 క్విక్, అసైన్ లెటర్=ఎస్, ఎగ్జిట్. బయటికి వచ్చి బీసీడీబూట్ అని రాసి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ దారి ఇచ్చి, ఆపైన స్లాష్ ఎస్ తర్వాత ఎస్ కోలన్, స్లాష్ ఎఫ్ తర్వాత యూఈఎఫ్ఐ ఇవ్వండి. ‘బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్’ అని రావాలి. ఆ తర్వాత మొదటి డ్రైవ్ ఊడదీసి ఇది ఒంటరిగా లేస్తోందో పరీక్షించండి.

గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతే

ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. చెడిందేమీ లేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది. విండోస్ దాన్నే మన ఇక్కడి టైమ్ అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొడితే తేడా పోతుంది. వేసవిలో గంట ముందుకు జరిపే దేశాల్లో ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుందని ఆ కమాండే హెచ్చరిస్తుంది. మన దగ్గర ఆ ఆనవాయితీ లేదు కాబట్టి ఫర్వాలేదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవారు దీన్ని వదిలేసి, విండోస్ రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కీ కింద రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్ అనే పేరుతో డీవర్డ్ రకం ఎంట్రీ చేసి, దానికి 1 విలువ పెట్టుకోవడం మంచిది. పేరులో మాటల మధ్య ఖాళీలు ఉండవు.

స్విచ్‌తో డ్రైవ్ కరెంటే ఆపేయడం

డెస్క్‌టాప్‌లో సాటా డ్రైవ్‌లకు క్యాబినెట్ ముందు బిగించే పవర్ స్విచ్ ప్యానెళ్లు దొరుకుతాయి. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పవర్ లైను దాని గుండా డ్రైవ్‌కు వెళుతుంది, బటన్ ఆఫ్‌లో ఉంటే ఆ డ్రైవ్ సిస్టమ్‌లో లేనట్టే. బ్యాంకు పనుల విండోస్‌ను పిల్లల గేముల విండోస్ తాకకూడదంటే ఇంతకు మించిన అడ్డుగోడ లేదు. ఎన్‌వీఎంఈకి ఇది పనికిరాదు. సిస్టమ్ నడుస్తుండగా బటన్ నొక్కొద్దు. రాస్తున్న మధ్యలో కరెంటు తీస్తే ఫైల్ సిస్టమ్ పోతుంది. పూర్తిగా షట్‌డౌన్ చేశాకే మార్చాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్‌లో లేకపోతే ఇక్కడా అదే ముప్పు.

ఒక డ్రైవ్ తీసేసినప్పుడు

ఏదో రోజు రెండో డ్రైవ్ తీసి ఇంకో సిస్టమ్‌లో పెడతారు. బూట్‌లోడర్ దానితోనే ఉంది కాబట్టి అక్కడ లేవాలి. కొత్త బోర్డు పట్టీలో ఆ పేరు లేకపోయినా, ఉబుంటు పెట్టిన అత్యవసర కాపీని చూసి బోర్డు దాన్ని లేపుతుంది. పాత సిస్టమ్ పట్టీలో మాత్రం ‘ఉబుంటు’ అన్న పేరు అలాగే వేలాడొచ్చు. నొక్కితే ఏమీ రాదు, లేదా మళ్లీ మెనూకే తిప్పుతుంది. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపి, సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ మైనస్ చిన్న బీ, ఆ నంబరు, మైనస్ పెద్ద బీ అని కొడితే ఆ లైను చెరిగిపోతుంది. చిన్న బీ నంబరు చూపించడానికి, పెద్ద బీ చెరపడానికి. నంబరు కొట్టే ముందు అది విండోస్‌ది కాదని ఇంకోసారి చూసుకోండి.